పృథివీగంధము: ఐలా ద్వీపపు విస్కీలు



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము విని మీలో ననేకులు నొసలు ముడిచియుందురు. ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దములును, బాలవ్యాకరణమును, నీతిపద్యములును వల్లెవేయించిన ముదుసలి బడిపంతులు విస్కీ యనెడి సీమసారాయిని గూర్చి చెప్పబూనుట వింతగనే యుండును. అందులోను ఒకదానితో నొకటి పోల్చి తారతమ్యము చెప్పుట మఱింత వింత. "పంతులుగారికి వార్ధక్యమున బుద్ధి మారినది కాబోలు" నని మా వీథి యరుగులమీద నిదివఱకే యనుకొనుచున్నారు. కావున మొదటనే యొక మాట విన్నవించుకొందును. నేనొక్క చుక్కయు త్రాగలేదు. వాసన మాత్రమే చూచితిని. మద్యమును వాసన చూచుటయు దోషమేయని మనుస్మృతి చెప్పుచున్నదని మీలో పండితు లందురు. ఆ మాట నేనెఱుగనివాడను గాను. ఆ దోషమును నెత్తిని వేసికొనియే మాటలాడుచున్నాను.

సారాయియన్న నాకు చిన్ననాటినుండియు నసహ్యము. మా పినతండ్రిగారు నాలుగెకరముల మాగాణి సారా దుకాణమునకు ధారపోసి, నలువది యేండ్లు నిండకయే పోయిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో నాడువారు సారా దుకాణము మూయించిన వార్త పత్రికలో వచ్చినపుడు, మా పిన్నిగారు ఆ కాగితమును మడిచి పెట్టెలో దాచుకొనిరి. ఆమె పోయినపిదప పట్టుచీర మడతలో నది నాకు దొరకినది. ఇట్టి యింటిలో పుట్టినవానికి దైవికముగ దొరకిన యల్లుడు గ్లాస్గో నగరమున నింజనీరు. విస్కీలయందు మిక్కిలి యాసక్తి గలవాడు. మేము పోయినపుడెల్ల సీసాలను దుప్పట్ల బీరువాలో దాచెడివాడు. ఆ సంగతి నాకు తెలియును. నాకు తెలియునని యతనికిని తెలియును. ఆఱేండ్లు ఇద్దఱము నెఱుగనట్లే యుంటిమి.

2023వ సంవత్సరము జూను నెలలో మమ్ము నతడు ఐలా యను దీవికి తీసికొనిపోయెను. గ్లాస్గోనుండి కారుమీద మూడు గంటలు పోయి, కెనక్రెయిగ్ అను రేవున నోడ యెక్కితిమి. ఓడ పైతట్టున చలిగాలిలో నిలుచుండి యతడు, "మామగారూ, మనము పోవుచున్న దీవిలో పొలముల తరువాత పెద్దవృత్తి విస్కీ కాచుటయే. మీకిష్టము లేనిచో పక్షులను చూచి వచ్చెదము" అనెను. నేను కొంతసేపూరకుండి, "ఎట్లు కాచుదురో చూతము పద, నాయనా" యంటిని. ఆఱేండ్లుగా నా విషయమున మా యిద్దఱిమధ్య నడచిన మాటలలో నవియే మొదటివి.

ఐలా స్కాట్లండునకు పడమట నున్న చిన్న దీవి. వైశాల్యము సుమారు 620 చదరపు కిలోమీటర్లు. జనము మూడువేల పైచిలుకు. ఇంత చిన్నదానిలో మేము పోయిననాటికి తొమ్మిది బట్టీశాలలు నడచుచుండెను. 1983లో మూతపడిన పోర్ట్ ఎలెన్ బట్టీశాల 2024లో మరల తెఱువగా పది యైనవి. వీనిలో దిగునది సింగిల్ మాల్ట్ అను జాతి. అనగా ఒక్క బట్టీశాలలోనే, మొలకెత్తించిన యవలు తప్ప వేఱు ధాన్యము లేకుండ, రాగిబానలలో కాచి దింపినది. ఓకు కఱ్ఱ పీపాలలో మూడేండ్లకు తక్కువ కాకుండ స్కాట్లండులోనే నిలువయుండవలెననియు, సీసాలోని సారము నూటికి 40 పాళ్ళకు తగ్గరాదనియు అచ్చటి నిబంధన. విస్కీ యను పేరే వారి పాతభాషలో జీవజలమను నర్థమిచ్చెడి మాటనుండి పుట్టినదట. మనవారు సారాయికి పెట్టిన పేర్లలో నింత గౌరవముగలది నేనెఱుగను.

ఇక అసలు సంగతికి వత్తును. ఐలా విస్కీలలో పెక్కింటికి పొగవాసన యుండును. ఆ పొగ కఱ్ఱది కాదు, బొగ్గుది కాదు, మంటిది. ఆ దేశమున చలియు తేమయు మెండు. నాచు, గడ్డి, హెదర్ అను చిన్నపొద మొదలగునవి చచ్చినపిదప నీట మునిగి, గాలి తగులక, పూర్తిగా కుళ్ళక, ఒకదానిపై నొకటి పేరుకొని నల్లని మెత్తని మన్నువంటి పదార్థమగును. దానిని పీటు అందురు. స్కాట్లండు నేలలో నయిదవవంతు పీటు పఱచుకొనియున్నది. అది పెరుగుట ఏటికి మిల్లీమీటరు ప్రాంతము. ఒక్క యడుగు లోతు త్రవ్వినవాడు మూడువందల యేండ్ల వెనుకకు దిగినట్లు! చెట్లరుదైన యా దీవులలో తరతరములుగా దీనినే పొడవాటి పారలతో నిటుకలవలె కోసి, గట్టుమీద నారబెట్టి, వంటచెఱకుగా వాడుకొనిరి. యవలారబెట్టుటకును అదియే యింధనము. కావున ఆ పొగ యెవ్వరును కోరి చేర్చిన సుగంధద్రవ్యము కాదు. గతిలేక పట్టిన వాసన. పిదప నదియే గొప్పయైనది. నేడు తోటలకు మట్టిగా నమ్ముటకై త్రవ్వెడి పీటుతో పోల్చిన విస్కీకై త్రవ్వెడిది స్వల్పమే. ఐనను త్రవ్వినచోట మరల నడుగు మందము పెరుగవలెనన్న మనుమల మనుమలును చూడజాలరు.

ఆరిన పీటుగడ్డ నొకదానిని నా చేతికిచ్చిరి. ఎండిన పిడకవలె తేలికగ నున్నది. మూర్కొనగా వాసన లేదనియే చెప్పవచ్చును. కాని త్రోవలో నెవరో యింట దానినే పొయ్యిలో వేసియుండగా వీథి యంతయు నిండియుండెను. అప్పుడు చిన్ననాడు గురువుగారి యరుగుమీద చదివిన తర్కసంగ్రహము జ్ఞప్తికి వచ్చినది. దానిని రచించిన అన్నంభట్టు మన తెలుగువాడేయని పెద్దలు చెప్పుదురు. గంధము పృథివికి మాత్రమే గుణమని తార్కికుల సిద్ధాంతము. నీటికి స్వతహాగా వాసన లేదు. ఉన్నట్లు తోచినచో నందు కలసిన పృథివిదే యా వాసన. "అట్లైన రాయియు పృథివియే గదా, దానికి వాసన లేదేమి?" అని శిష్యుడడుగును. "రాతిని కాల్చి భస్మము చేయుము, ఆ భస్మమున వాసన తెలియును, కావున రాతియందును గలదు, పైకి తెలియక యున్నది" అని సమాధానము. పదునాలుగేండ్ల వయసున నేనీ వాక్యములను కంఠస్థము చేసితిని గాని, నిజమా కాదా యని యొక్క రాతినైన కాల్చి చూచినవాడను గాను. ఏడు సముద్రముల కావల, ఎవరో పొయ్యిలో పడవేసిన నల్లగడ్డ నాకా పాఠమును చూపించినది.

లఫ్రాయిగ్ అను బట్టీశాలలో, తమకు కావలసిన ధాన్యములో కొంతభాగమును నేటికిని పాతపద్ధతినే మొలకెత్తించుచున్నారు. మనము వరివిత్తనము మండెకట్టునట్లు యవలను నానవేసి, నేలమీద పఱచి, చెక్కపారలతో తిరుగవేయుదురు. మొలక మితిమీరకమునుపే తడిధాన్యమును చిల్లులుగల నేలమీదికి చేర్చి, క్రింద పీటు పొగబెట్టుదురు. గింజ తడిగా నున్నంతవఱకే పొగ దాని పొట్టును పట్టును, ఆరినపిదప పట్టదు. పొగ చాలినపిదప వేడిగాలితో నారబెట్టుదురు. అటుపిమ్మట దంచుట, వేడినీట తీపి దింపుట, పులియబెట్టుట, రాగిబానలలో రెండుమార్లు కాచుట. ఆ కాచుటలోని కిటుకును తరువాత చెప్పెదను. నేను పరాభవము పొందినదచ్చటనే.

పొగలో ఫీనాలులను ద్రవ్యములు గలవు. పొగపట్టిన ధాన్యమున నవి పదిలక్షలకు ఎన్ని పాళ్ళున్నవో కొలిచి చెప్పుదురు. బోమోర్ ధాన్యమునకు 25 ప్రాంతము. కల్ ఈలా, లాగవూలిన్ అనువానికి 35 ప్రాంతము. లఫ్రాయిగ్‌నకు 40 పైన. ఆర్డ్‌బెగ్‌నకు 50 పైన. బ్రూక్‌లాడీ వారు ఆక్టోమోర్ అను పేర నొక తడవ 300 దాటించిరి. విస్కీ ప్రియులు ఈ యంకెలను మన పిల్లలు పరీక్షల మార్కులు చెప్పుకొనునట్లు చెప్పుకొందురు. అంకెను నమ్మవచ్చునా యన్నదే ఆ సాయంకాలము మేము తేల్చుకొనబోయిన ప్రశ్న.

ఆ దేశమున కారు నడపువాని నెత్తురులో నుండదగిన సారపు పరిమితిని 2014లో మఱింత తగ్గించిరి. అందుచే బట్టీశాలలవారు కారు నడపువాని వంతును చిన్నబుడ్డిలో పోసి యిచ్చి, బసకు పోయి రుచిచూచుకొమ్మందురు. అల్లుడు పగలంతయు నొక చుక్కయైన ముట్టక అట్టి బుడ్డు లైదు ప్రోగుచేసెను. సూర్యుడు పదిగంటలవఱకు నస్తమింపని కాలము. బసలో మా యమ్మాయి యైదు గాజుపాత్రలను వరుసగా నుంచి, ఏది యేదో తాను మాత్రము చీటీపై వ్రాసికొని, మమ్ము లోనికి పిలిచెను. నాలుక పని యతనిది, ముక్కు పని నాది. కులాసాకై యట్లు చెప్పుటకాదు. వృత్తిరీత్యా విస్కీలను కలిపెడి నిపుణులు సయితము పని దాదాపు ముక్కుతోనే నడుపుదురనియు, నీరు కలిపి సారమును నూటికి 20 పాళ్ళకు దించి వాసన చూతురనియు, రోజుకు నూఱు పాత్రలు చూడవలసినవారు త్రాగుచు కూర్చున్న సాగదనియు అతడు చెప్పగా నాకు ధైర్యము కలిగినది.

వాసన చూచుటకును మర్యాద గలదు. పాత్ర కడుపు బోదెగాను, మూతి సన్నముగాను ఉండవలెను. ముక్కు లోపలికి దూర్చరాదు. నోరించుక తెఱచి, మెల్లగా వాసనను రానీయవలెను. తొందరపడినవాని ముక్కును సారపు ఘాటు కాల్చివేయును. నేను మొదటిపాత్రకే తొందరపడి కన్నీరు తుడుచుకొంటిని. ముక్కు అలసినపుడు తన చొక్కాచేతిని తాను మూర్కొనవలెనట. నేను నా యుత్తరీయము మూర్కొంటిని. విజయవాడ సబ్బువాసన వచ్చి యొక్క క్షణము నేనెక్కడ నున్నానో మఱచితిని.

చూచితినే గాని చెప్పుట కష్టమైనది. తార్కికులు రూపమునకు ఏడు భేదములు చెప్పిరి. రసమునకు ఆఱు చెప్పిరి. గంధమునకు సురభి, అసురభి యని రెండే. ఇంతకాలము నా కది లోపముగ తోచలేదు. ఐదుపాత్రల యెదుట కూర్చుండినపుడు తోచినది. తెలుగుననే నయము: పచ్చివాసన, మాడువాసన, కమఱు, ముక్క, నీచు, గబ్బు, కమ్మదనము మొదలైన మాటలు గలవు. మన పల్లెపొయ్యిల యొద్ద నాడువారు కల్పించిన మాటలివి. శాస్త్రకారులు కల్పించినవి కావు. ఇవియు చాలక, ఇది ఫలానా వస్తువువలె నున్నదని వస్తువుల పేర్లే చెప్పవలసివచ్చినది.

మొదటిపాత్ర: చల్లారిన హోమకుండములోని బూడిద, దానిమీద నిమ్మతొక్క పిండినట్లు, వెనుక తడిసిన సముద్రపుటిసుక. అల్లుడు రుచి చూచి, "నూనెవలె జారుచున్నది, మామగారూ, తీపి వెంటనే పోయి మిరియపు మంట మిగులుచున్నది" అనెను.

రెండవపాత్ర మూర్కొనగానే నేను నవ్వితిని. మోకాలు చెక్కుకొనిపోయి ఏడ్చుచు వచ్చినపుడు మా యూరి కాంపౌండరు పూసెడి టింక్చర్ అయొడిన్! దానివెంట ఎండిన సముద్రపు నాచు, కొంచెము తారు. ఇది సురభియా, అసురభియా? రెండును కాదు, ఇది వైద్యము. అమెరికాలో 1920 మొదలు 1933 వఱకు మద్యనిషేధమున్న కాలమున ఈ విస్కీ మందు పేరున లోనికి పోయెడిదని చెప్పుకొందురు. అధికారి మూత తీసి మూర్కొనిన నమ్మక తప్పదు. కాని కొంత తడవు పాత్రను వదలి మరల చూడగా, ఆ మందు వెనుకనుండి పాలకోవావంటి మెత్తని తీపి వచ్చినది. మొదటి పరిచయమున మొఱటుగ తోచి, పిదప మంచివాడని తేలినవాని వంటిది.

మూడవది తేలిక. తేనె, నిమ్మ, ఎక్కడనో రెండిండ్లవతల వంటపొగ. దీనిని గూర్చి చెప్పుటకు నాకంతకన్న లేదు. అల్లుడు మాత్రము ప్రతిదిన మొకదానితోనే కాపురము చేయవలసివచ్చిన నిదియే మేలనెను.

నాలుగవపాత్రయొద్ద నేను చాలసేపు కూర్చుంటిని. సామ్రాణి, ఎండుద్రాక్ష, కాగికాగి నల్లనైన తేనీరు, తాటాకుపుస్తకముల పెట్టె తెఱచినప్పటి వాసన. పొగ యున్నది, కాని పొగవలె కంటిని పొడువదు. పాతగుడిలోని గోడకు పట్టినట్లు లోనికింకి యున్నది. "ఇది పెద్దవాడు, నాయనా" యంటిని. పీపాలో నుండు కొలదియు పొగ మెత్తబడునని యతడు చెప్పెను.

ఐదవది తారు, పొగగొట్టపు మసి, వేయించుచున్న కాఫీగింజలు. అన్నిటికిని క్రింద పచ్చినిమ్మ. మొదట నుఱిమి, పిదప తీయబడునది.

అప్పుడు అమ్మాయి, పొగ హెచ్చినదానినుండి తగ్గినదానివఱకు వరుస చెప్పుమనెను. నేను రెండు, నాలుగు, ఐదు, ఒకటి, మూడు అంటిని. అల్లుడు ఐదు, రెండు, నాలుగు, ఒకటి, మూడు అనెను. ముక్కునకును నాలుకకును తగవు వచ్చినది. అతడు చెప్పినదేమనగా, ఐదవదాని పొగ మ్రింగినపిదప నోటిలో పావుగంట నిలిచినదట; అది నాకెట్లు తెలియును? నిజమే. త్రాగనివాడు సగమే యెఱుగును. ఆ సగమును నేను సగమని యొప్పుకొంటిని.

కాని యొక విషయమున మాత్రము నేను పందెము కట్టితిని. "ఒకటవదానికిని నాలుగవదానికిని మన్ను వేఱు, పొగ వేఱు. ఒకటి కడలియొడ్డు పీటు, రెండవది లోపలి కొండల పీటు. ఈ మాట తప్పినచో నా తర్కవిద్య యంతయు వమ్ము" అంటిని. అల్లుడు పలుకలేదు. అమ్మాయి చీటీ విప్పి చదివెను. ఒకటి కల్ ఈలా, పండ్రెండేండ్లది. రెండు లఫ్రాయిగ్, పదియేండ్లది. మూడు బోమోర్, పండ్రెండేండ్లది. నాలుగు లాగవూలిన్, పదునాఱేండ్లది. ఐదు ఆర్డ్‌బెగ్, పదియేండ్లది.

"మామగారూ, కల్ ఈలాకును లాగవూలిన్‌నకును ధాన్యమొక్కచోటనే తయారగును" అని యతడు మెల్లగ జెప్పెను. పోర్ట్ ఎలెన్ ఊరిలో 1973లో నెలకొల్పిన పెద్ద మొలకశాల నుండియే రెండింటికిని పోవునట. పీటొక్కటే, పొగయొక్కటే, కొలతయు దాదాపొక్కటే. నేను నిర్విణ్ణుడనైతిని. కార్యము వేఱుగ నున్నది గనుక కారణము వేఱని యూహించితిని. ఉపాదాన మొక్కటియైనను సహకారికారణముల భేదమున కార్యము భేదింపవచ్చునని, ఒక్క మన్నే కుండయు మూకుడును అగునని, పిల్లలకు నేనెన్ని మార్లు చెప్పితినో! ఆ దృష్టాంతము నాకే యక్కఱకు రాలేదు.

ఆ సహకారులేవి? ఇప్పుడు ఆ కాచుటలోని కిటుకును చెప్పెదను. పులిసిన రసమును రాగిబానలో కాచి యావిరిని చల్లార్చి దింపుదురు. దానిని మరల కాచుదురు. రెండవ కాపున మొదట దిగు ధారయు కడపట దిగు ధారయు తీసివేసి, నడిమిధారనే పీపాకు పట్టుదురు. తాళము వేసిన ఇత్తడిచట్రపు గాజుపెట్టెలో ధార పారుచుండగా పనివాడు చూచుచు, వేళ చూచి దారి మరల్చును. పొగద్రవ్యములు భారమైనవి, అవి ధార చివరనే దిగును. కావున కొంచెము ముందుగ నాపినవానికి పొగ పలుచన. కొంచె మాలసించి యాపినవానికి దట్టము. మఱియు కల్ ఈలా బానలు పెద్దవి. వానిని పూర్తిగ నింపరు. ఆవిరి విశాలమైన రాగిని తాకుచు పైకి పోవును. బరువైనది వెనుకకు జారిపడును. తేలికది మాత్రమే దాటును. లాగవూలిన్ బానలు సొరకాయబుఱ్ఱవలె క్రిందికి బలిసినవి. వానిని నిండుగ నింపి, రెండవకాపును మిగుల నెమ్మదిగ నడుపుదురు. అందుచే బరువైనదియు దాటివచ్చును. దీనికితోడు పీపాల తేడా యొకటి, నాలుగేండ్ల వయసుతేడా యొకటి. ధాన్యముమీద కొలిచిన యంకె బానదాటి రాదు. ఆర్డ్‌బెగ్ అంకె పెద్దదైనను నా ముక్కునకు లఫ్రాయిగ్ ముందు నిలిచినదందుకే కాబోలు. అంకెను జూచి సీసా కొనువారు మార్కులను జూచి పిల్లవానిని తూచెడివారివంటివారే. అట్టివారిని నేను వృత్తిలో చాలమందిని చూచితిని.

నీటిసంగతి యొకటి మిగిలినది. విస్కీలో నీరు కలుపుట చేతగానివాని పనియని మనదేశపు కొందఱు గొప్పవారి యభిప్రాయము. లాగవూలిన్‌లో నీరు వేయుటకై యల్లుడు నా పూజసంచిలోని యుద్ధరిణి నడుగబోయి నాలుక కఱచుకొని, టీచెంచా తెచ్చెను. నాలుగు బొట్లు వేసినపిదప మూర్కొనగా సామ్రాణి ముందుకు వచ్చినది! 2017లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులిద్దఱు దీనికి లెక్క కట్టిరట. పొగవాసననిచ్చెడి గ్వయకోల్ అను నణువు, సారమధికముగ నున్నపుడు ద్రవములోనికి పోయి దాగును, నీరు కలసి సారము తగ్గినకొలది పైపొరకు చేరును, పైపొరనున్నది ముక్కునకందును. నీటికి వాసన లేదు. ఐనను మంటివాసనను పైకి తెచ్చునది నీరే. తొలకరి చినుకు పడిన మన పొలమున నెఱుగని సంగతియా యిది?

లఫ్రాయిగ్ పాత్రను మరల చేతికెత్తికొని అమ్మాయి యొక కథ చెప్పెను. 1934లో బెస్సీ విలియంసన్ అను పడుచు గ్లాస్గోలో పట్టము పుచ్చుకొని, ఒక వేసవికి మాత్రము గుమాస్తాగా ఆ బట్టీశాలకు వచ్చినదట. యజమాని ఇయాన్ హంటర్. ఆయన జబ్బుపడగా పెత్తనము క్రమముగ నామె చేతికి వచ్చినది. 1954లో ఆయన పోవుచు బట్టీశాలనే యామెకు వ్రాసియిచ్చెను. 1972 వఱకు నామె దానిని నడపినది. మా పిన్నిగారి నామెతో పోల్చుట న్యాయము కాదు. కాని ఒకతె సారాయి కాచి యూరంతటికి పని చూపుచుండగా, ఇంకొకతె సారాయివలన పొలము పోగొట్టుకొని విస్తళ్ళు కుట్టి పిల్లలను పెంచినదన్న తలపు నన్ను వదలలేదు.

అప్పుడు, "నాయనా, నీవెంత త్రాగుదువు?" అని యడిగితిని. ఆఱేండ్లుగా నాలుకచివర నున్న ప్రశ్న. అతడు పాత్రను బల్లమీద పెట్టి, "శనివారమొకటి, ఒకప్పుడు రెండు. రెండు దాటిన దినములను వ్రేళ్ళమీద లెక్కింపగలను, మామగారూ. మీకు చెప్పకూడదని దాచలేదు, మీరడుగుదురేమో యని భయపడి దాచితిని" అనెను. అది నిజమని నాకు తోచినది. మా పినతండ్రిగారి కథను నేనతనికి మొదటినుండి చివఱవఱకు చెప్పితిని. ఆయన మొదట ఇద్దఱు స్నేహితులతో పండుగకే త్రాగెడివాడన్న మాటయు దాచలేదు. మా యమ్మాయికిని ఆ కథ యదివఱకు తెలియదు. చాలసేపెవ్వరును మాటలాడలేదు. మిగిలిన బుడ్లకు అతడు మూతలు బిగించెను.

మన దేశమునను ఈ పొగ కొంత చేరినది. బెంగళూరులోని అమృత్ వారు స్కాట్లండునుండి పీటుపొగ పట్టిన యవలు తెప్పించి, దానితో కాచినదానిని మన యవలతో కాచినదానితో కలిపి, ఫ్యూజన్ అను పేర 2009లో అమ్మకమునకు విడిచిరి. అచ్చటి చలిలో పీపానుండి ఏటికి నూటికి రెండు పాళ్ళావిరియైపోవును. దానిని దేవదూతల వాటా యందురు. బెంగళూరు వేడికి పది పాళ్ళవఱకు పోవును. మన దేవతలకు దాహ మధికమని యల్లుడు వేళాకోళ మాడెను. దాని వాసన నేను చూడలేదు గనుక తీర్పు చెప్పను.

మఱునా డుదయమున నేను స్నానముచేసి వచ్చునప్పటికి అల్లుడు పాత్రలు కడుగబోవుచుండెను. నిలుపుమంటిని. రాత్రి మిగిలిన తడి యారి, పాత్రల యడుగున కంటి కేమియు లేదు. సారపు ఘాటు పూర్తిగ పోయినది. ఐనను ఒక్కొక్కటి మూర్కొనగా బూడిద యున్నది, టింక్చర్ యున్నది, సామ్రాణి యున్నది. అమ్మాయి వానిని వెనుక ముందుగ మార్చి మరల వరుసగా నుంచి, నన్ను పేర్లు చెప్పుమనెను. మూడు సరిగ జెప్పితిని. లాగవూలిన్ అని గట్టిగ చెప్పినది ఆర్డ్‌బెగ్. ఆర్డ్‌బెగ్ అన్నది లాగవూలిన్. అల్లుడు పైకే నవ్వెను. నేనును నవ్వి, ఓడకు వేళయగుచున్నది, కడుగుమంటిని.